కబురు చేరని వార్డు

(ఒక జిల్లా ఆసుపత్రిలో వైద్యులు, నర్సింగ్ సిబ్బంది, పారిశుద్ధ్య కార్మికుల కోసం జరిగిన శిక్షణ కార్యక్రమంలో, ప్రభుత్వాసుపత్రిలో అంటువ్యాధుల నియంత్రణ బాధ్యతలు చూసి రిటైరైన వైద్యుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ వాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి. ఈ మొదటి వరుస కుర్చీలు డాక్టర్ల కోసమని వదిలేసినట్టున్నారు. ఓపీ అయ్యేదాకా వాళ్ళు రారు, మీరు కూర్చోండమ్మా, ఏం ఫరవాలేదు. (నవ్వులు)

"మహమ్మారి సమయంలో సిబ్బంది భద్రత" గురించి మాట్లాడమన్నారు. భద్రత అనగానే మనకు గుర్తొచ్చేది తెల్లటి పీపీఈ కిట్టు. దాని దగ్గరికి వస్తాను. కిట్టు కన్నా ముందు వార్డుకు చేరాల్సింది ఒకటుంది, కబురు. ఫలానా చోట ఏదో కొత్త జబ్బు తిరుగుతోంది, అక్కడి నుంచి వచ్చిన మనిషి జ్వరం, ఆయాసంతో వస్తే పక్కన పెట్టండి అన్న మాట నైట్ డ్యూటీలో ఉన్న సిస్టర్ చెవిన పడిందా లేదా? నా సర్వీసులో నాకు అర్థమైనంతలో, సిబ్బంది బతుకులు చాలావరకు ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంటాయి.

దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ మన దేశానిది కాదు, కెనడాది. 2003 నాటిది. కోవిడ్‌కు పదిహేడేళ్ళ ముందు సార్స్ అనే జబ్బొచ్చింది, గుర్తుందా? అదీ కరోనా జాతి వైరస్సే. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో మొదలైంది. అక్కడ రోగులను చూసిన ఒక డాక్టరు ఫిబ్రవరి 21న హాంకాంగ్ వచ్చి మెట్రోపోల్ అనే హోటల్లో దిగాడు. అప్పటికే ఆయనకు ఒంట్లో బాగాలేదు. ఆ హోటల్లో దిగిన వాళ్ళలో కొందరికి అంటుకుంది. వాళ్ళు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళారు. హనోయి, సింగపూర్, టొరంటో, వాంకూవర్. జబ్బు విమానాలెక్కి అలా లోకం చుట్టింది.

మార్చి 7వ తేదీ. ఒకే రోజు, ఒకే దేశంలోని రెండు నగరాల్లో ఇద్దరు రోగులు ఆసుపత్రికి వచ్చారు. వాంకూవర్ జనరల్ హాస్పిటల్‌కు వచ్చినాయన ఆ హోటల్లో దిగి వచ్చిన మనిషే. టొరంటోలో స్కార్‌బరో గ్రేస్ ఆసుపత్రికి వచ్చినాయన అసలు దేశం దాటలేదు. ఆయన తల్లి హాంకాంగ్ వెళ్ళి ఆ హోటల్లో ఉండి వచ్చి, రెండు రోజుల ముందే ఇంట్లో చనిపోయింది. ఇద్దరిదీ ఒకటే జబ్బు. రెండూ డబ్బుకు కొదవలేని నగరాలు. రెండు చోట్లా మంచి డాక్టర్లున్నారు.

వాంకూవర్‌లో ఏం జరిగిందంటే, ఆ రాష్ట్ర వ్యాధి నియంత్రణ కేంద్రం అంతకు కొన్ని వారాల ముందు నుంచే ఆసుపత్రులకు హెచ్చరికలు పంపుతూ వచ్చింది. చైనా, హాంకాంగ్ వైపు ఏదో తీవ్రమైన జ్వరం తిరుగుతోంది, ప్రయాణాల గురించి అడగండి అని. ఆ కాగితం సూపరింటెండెంట్ టేబుల్ మీదే ఆగిపోకుండా ఎమర్జెన్సీ గది దాకా దిగింది. అందుకని రోగి రాగానే ఎక్కడి నుంచి వచ్చావని అడిగారు. నిమిషాల్లో ఆయన్ను మిగతా రోగుల నుంచి విడిగా పెట్టారు. ఏ జబ్బో తేలకముందే సిబ్బంది ఎన్-95 మాస్కులు పెట్టుకున్నారు. ఆయన నుంచి ఆ ఆసుపత్రి సిబ్బందిలో ఒక్కరికీ అంటలేదు.

టొరంటో ఆసుపత్రికి ఆ హెచ్చరిక అందలేదు. వచ్చిన మనిషికి న్యుమోనియా లక్షణాలున్నాయి, బెడ్డు ఖాళీ లేదు. ఎమర్జెన్సీలోనే, పక్క మంచానికీ ఆయనకూ మధ్య ఒక కర్టెన్ మాత్రమే అడ్డుగా, రాత్రంతా ఉంచారు. ఆయాసం తగ్గడానికి నెబులైజర్ పెట్టారు. నెబులైజర్ పెట్టినప్పుడు ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఊపిరితో వచ్చే తుంపర గది నిండా ఆవిరిలా తేలుతుంది. పక్క మంచాల వాళ్ళకు అంటింది, వాళ్ళ ఇళ్ళవాళ్ళకు అంటింది, చూసుకున్న సిబ్బందికి అంటింది, అక్కణ్ణుంచి వేరే ఆసుపత్రులకు పాకింది.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న వాళ్ళ తప్పేముంది చెప్పండి? మన క్యాజువాలిటీలో అయినా అదే చేసేవాళ్ళం. ఊపిరాడని మనిషికి నెబులైజర్ పెట్టకుండా ఎవరుంటారు? వాళ్ళు చేయాల్సిందే చేశారు, వాళ్ళకు చెప్పాల్సింది ఎవరూ చెప్పలేదు.

ఈ మొత్తం వ్యవహారం మీద, టొరంటో ఉన్న అంటారియో రాష్ట్ర ప్రభుత్వం ఆర్చీ క్యాంప్‌బెల్ అనే జడ్జితో కమిషన్ వేసింది. ఆయన ఈ రెండు నగరాలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. వాంకూవర్‌కు కొంత అదృష్టం కలిసొచ్చిందని కూడా ఒప్పుకున్నాడు. అది నిజాయతీ. అయితే అదృష్టం ఒక్కటే కాదని, అక్కడ ముందు నుంచీ ఉన్న పద్ధతి వేరని తేల్చాడు. వాంకూవర్ వాళ్ళు ముందు గట్టి జాగ్రత్తతో మొదలుపెట్టి, జబ్బు సంగతి తెలిసే కొద్దీ సడలిస్తూ పోయారు. మనం సాధారణంగా చేసేది దీనికి ఎదురు. ఏమీ లేదులే అని మొదలుపెట్టి, ఎవరైనా పడిపోయాక బిగిస్తాం. శాస్త్రం పూర్తిగా తేలేదాకా జాగ్రత్తను వాయిదా వేయొద్దు అన్నది ఆయన నివేదికంతటికీ ఆయువుపట్టు.

టొరంటో కథ అక్కడితో అయిపోలేదు. దీని రెండో భాగం నర్సింగ్ స్టాఫ్ బాగా వినాలి.

ఏప్రిల్ గడిచి మే నెల వచ్చేసరికి కేసులు తగ్గాయి. మే 17న అత్యవసర పరిస్థితి ఎత్తేశారు. మాస్కులూ గౌన్లూ సడలించారు. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. నార్త్ యార్క్ జనరల్ అనే ఆసుపత్రిలో మాత్రం కొందరు నర్సులకు అనుమానంగా ఉంది. ఎముకల ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళు పడుకునే వార్డులో న్యుమోనియాలు కనిపిస్తున్నాయి. ఇది మళ్ళీ అదేనేమో అని అడిగారు. కాదు, సార్స్ అయిపోయింది అన్నారు. మాస్కు పెట్టుకుంటామంటే అవసరం లేదన్నారు. మే 23న రెండో విడత బయటపడింది. ఈసారి దెబ్బ తిన్న వాళ్ళలో సిబ్బంది చాలామంది ఉన్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో కెనడాలో మొత్తం 251 సార్స్ కేసులు. అందులో 109 మంది ఆసుపత్రి సిబ్బంది. అంటే పదిమందిలో నలుగురికి పైనే. సింగపూర్‌లో 238 మందిలో 97 మంది. వియత్నాంలో 63 మందిలో 36 మంది, సగానికి పైగా మనలాంటి ఆసుపత్రి సిబ్బందే. టొరంటోలో ఇద్దరు నర్సులు, ఒక డాక్టరు ప్రాణాలే పోగొట్టుకున్నారు.

నార్త్ యార్క్‌లో కబురు ఆగిపోయింది పైనుంచి కిందికి వచ్చే దారిలో కాదు, కింది నుంచి పైకి వెళ్ళే దారిలో. వార్డులో పన్నెండు గంటలు నిలబడే మనిషికి కనబడేది, గంటసేపు రౌండ్స్ కొట్టి వెళ్ళే మాబోటి వాళ్ళకు కనబడదు. ఆమె చెప్పింది. వినే చోటు లేదు.

ఇక మన కాలానికొద్దాం. వుహాన్‌లో లీ వెన్‌లియాంగ్ అనే కళ్ళ డాక్టరు 2019 డిసెంబరు 30న తనతో చదువుకున్న డాక్టర్ల గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు, జాగ్రత్తగా ఉండండి, రక్షణ వేసుకోండి అని. నాలుగు రోజులకే పోలీసులు పిలిచి, వదంతులు పుట్టించానని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. మనిషి నుంచి మనిషికి అంటుతోందని చైనా బయటకు చెప్పింది జనవరి 20న. ఫిబ్రవరి 7న ఆ డాక్టరు అదే జబ్బుతో చనిపోయాడు. చూడండి, ఆయన ఊళ్ళో వాళ్ళకు చాటింపు వేయలేదు, పత్రికలకు ఎక్కలేదు. తోటి సిబ్బందిని జాగ్రత్త పడమన్నాడు, అంతే.

చైనాలో అలాగే ఉంటుంది అనుకుని తేలిగ్గా తీసుకోవద్దు. 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ఆసుపత్రిలో పనిచేసే మత్తు డాక్టరొకాయన ఎన్-95 మాస్కులు సరిపడా ఇవ్వడం లేదని బయట మాట్లాడినందుకు సస్పెండయ్యారు. తర్వాత అది హైకోర్టు, సీబీఐ దాకా వెళ్ళింది, మీ అందరికీ తెలిసిన సంగతే. ఆ వ్యవహారంలో తప్పొప్పులు తేల్చడానికి నేను రాలేదు. అది జరిగిన వారం రోజులు ఇతర ఆసుపత్రుల డ్యూటీ రూముల్లో ఏం జరిగిందో మాత్రం నాకు తెలుసు. "మనకెందుకొచ్చిన గొడవ" అని నోళ్ళు మూతపడ్డాయి. స్టాకెంతుందని స్టోర్స్‌లో గట్టిగా అడిగే వాళ్ళు కూడా అడగడం మానేశారు. మాస్కులు లేకపోవడం ఒక ఇబ్బంది. లేవని చెప్పడానికి భయపడటం దాన్ని మించిన ఇబ్బంది, ఎందుకంటే అప్పుడు ఎక్కడ లేవో కూడా పైవాళ్ళకు తెలియదు.

మొదట్లో కొరత నిజంగానే ఉంది. కోల్‌కతాలో డాక్టర్లకు వానకోట్లు ఇచ్చారు, హర్యానాలో ఒకాయన మోటార్‌సైకిల్ హెల్మెట్ పెట్టుకుని రోగులను చూశాడు. ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు, సిబ్బందికి రక్షణ సామగ్రి ఇవ్వాల్సిందేనని చెప్పాల్సి వచ్చింది. తర్వాత మన దేశంలోనే కిట్లు రోజుకు లక్షల్లో తయారయ్యాయి. కొరత తీరింది. అయినా సిబ్బంది జబ్బు పడుతూనే ఉన్నారు. ఎందుకు?

ఒక కారణం, పైనుంచి వచ్చిన కబురే తప్పుగా ఉండటం. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ, కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదు అని ఢంకా బజాయించి చెప్పింది. "వాస్తవం" అని పెద్దక్షరాల్లో రాసి మరీ. తుంపర్ల వల్లే వస్తుంది, చేతులు కడగండి, ఒక మీటరు దూరం ఉండండి అన్నారు. జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు కలిసి, అయ్యా, గాలిలోనూ తేలుతుంది, గాలి ఆడేలా చూడండి అని బహిరంగంగా రాశారు. క్యాంప్‌బెల్ గారు చెప్పింది కూడా అదే కదా, శాస్త్రం తేల్చేదాకా ఆగొద్దని. తెలియనప్పుడు "తెలియదు, అందుకని ఎక్కువ జాగ్రత్త పడండి" అని ఉంటే సరిపోయేది. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మేం రోజుకు నలభైసార్లు చేతులకు శానిటైజర్ రాసుకుంటూ, ఏసీ వేసి కిటికీలు బిగించుకుని కూర్చున్నాం.

రెండో కారణం, కబురు మరీ ఎక్కువైపోవడం. ఢిల్లీ నుంచి ఒక గైడ్‌లైన్, రాష్ట్రం నుంచి ఒక సర్క్యులర్, జిల్లా నుంచి ఒక మెమో. నిన్నటి దాన్ని ఇవాళ్టిది కొట్టేస్తుంది. డ్యూటీ తర్వాత పద్నాలుగు రోజుల క్వారంటైన్ అన్నారు, మే నెల మధ్యకొచ్చేసరికి హైరిస్క్ అయితేనే, అంటే సరైన రక్షణ లేకుండా రోగికి దగ్గరగా మెలిగి ఉంటేనే అన్నారు. అదీ సుప్రీంకోర్టుకెక్కింది. పైగా అన్నీ ఇంగ్లీషులో. పీడీఎఫ్ వాట్సాప్‌లో వస్తుంది, పధ్నాలుగు పేజీలుంటుంది, ఎవరూ తెరవరు. దాని కింద నాలుగు మెసేజ్‌లు, వెల్లుల్లి తినండి, ఆవిరి పట్టండి, ఫలానా మాత్ర వేసుకుంటే రాదు అని. అవి మాత్రం అందరూ చదువుతారు, చక్కటి తెలుగులో ఉంటాయి కాబట్టి. (నవ్వులు) నవ్వకండి. 2020 ఫిబ్రవరిలో చికెన్ తింటే కరోనా వస్తుందన్న పుకారు ఆపడానికి హైదరాబాద్‌లో మంత్రులు స్టేజీ ఎక్కి కోడికూర తిని చూపించారు. ఊళ్ళో వాళ్ళు నమ్మినవన్నీ మన ఆసుపత్రి వాళ్ళూ నమ్మారు. తెల్లకోటు వేసుకుంటే పుకారు అంటకుండా పోదు.

నేను పనిచేసిన చోట మేం చేసింది చాలా చిన్న పని. నర్సింగ్ స్టేషన్ పక్కన గోడకు ఒక తెల్లబోర్డు తగిలించాం. పొద్దున షిఫ్టు మారే వేళ ఎనిమిదింటికి పది నిమిషాలు అందరూ దాని ముందు నిలబడాలి. అందరూ అంటే అందరూ. డ్యూటీ డాక్టరు, సిస్టర్లు, ఎంఎన్‌వోలు, ఎఫ్‌ఎన్‌వోలు అనే మగ, ఆడ నర్సింగ్ సహాయకులు, ఊడ్చే వాళ్ళు, సెక్యూరిటీ, భోజనం బండి తోసే అబ్బాయి. బోర్డు మీద తెలుగులో మూడు నాలుగు ముక్కలే. ఈ రోజు ఏ గదుల్లో పాజిటివ్ ఉన్నారు. స్టోర్స్‌లో మాస్కులెన్ని, కిట్లెన్ని, ఎన్ని రోజులకొస్తాయి. నిన్నటికీ ఇవాళ్టికీ మారిన రూల్ ఏమైనా ఉందా. మనవాళ్ళెవరికి ఒంట్లో బాగాలేదు, ఎలా ఉన్నారు. కింద తేదీ, రాసిన వాళ్ళ సంతకం. సంతకం లేని కబురు పుకారుతో సమానమని అనుకున్నాం.

మాస్కుల లెక్క బయట పెట్టడానికి పెద్దవాళ్ళు మొదట ఒప్పుకోలేదు. "తక్కువున్నాయని తెలిస్తే సిబ్బంది టెన్షన్ పడతారు, డ్యూటీకి రారు" అన్నారు. జరిగింది వేరు. లెక్క తెలియనన్నాళ్ళూ ప్రతి ఒక్కరూ ఎందుకైనా మంచిదని రెండేసి తీసి బ్యాగులో దాచుకునేవాళ్ళు. లెక్క కళ్ళెదురుగా ఉన్నాక దాచుకోవడం తగ్గింది. పైగా వాళ్ళే చెప్పడం మొదలుపెట్టారు, ఈ వార్డులో ఎన్-95 అక్కర్లేదు సార్, ఐసీయూకి పంపండి అని.

ఒక రోజు బోర్డు ముందు ఊడ్చే పనిచేసే ఒకామె అడిగింది. "సార్, పేషెంట్ల దుప్పట్లు ఎర్ర సంచీలో వేసి కిందికి పంపుతున్నాం బాగానే ఉంది. కింద చాకలి ఆయనకి గ్లౌజులు ఇచ్చారా?" అందరం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. లాండ్రీ గదికి ఏ సర్క్యులరూ వెళ్ళలేదు. ఆ గది మా ఆసుపత్రి జాబితాలోనే లేదు, కాంట్రాక్టరుది. మనిషి మాత్రం మా దుప్పట్లే ఉతుకుతున్నాడు. ఎన్ని కమిటీలు వేసుకున్నా మాకు తట్టని సంగతి, సంచీలు మోసే మనిషికి తట్టింది.

ఔట్‌సోర్సింగ్ వాళ్ళ సంగతి కాస్త చెప్పనివ్వండి. రోజూ జ్వరం చూసుకోవాలి, ఉంటే చెప్పాలి అన్నది మంచి నియమం. సింగపూర్‌లో సార్స్ అప్పుడు సిబ్బంది అందరికీ రోజుకు రెండు మూడుసార్లు టెంపరేచర్ చూసేవాళ్ళు. ఇక్కడా పెట్టాం. రెగ్యులర్ స్టాఫ్ చెప్పేవాళ్ళు, ఎందుకంటే సెలవుంది, జీతమొస్తుంది. రోజుకూలీ లెక్కన పనిచేసే మనిషి జ్వరముందని చెబితే ఆ రోజు కూలి పోతుంది, మూడు రోజులు రాకపోతే పని పోతుంది. ఆమె పొద్దున్నే పారాసెట్మాల్ వేసుకుని వస్తుంది. థర్మామీటర్ పెడితే నార్మల్. ఇందులో ఆమెను తప్పుపట్టి లాభం లేదు. జ్వరం వచ్చిన రోజుకు కూలి ఇస్తామని కాంట్రాక్టు కాగితంలో రాస్తే తప్ప మీ స్క్రీనింగ్ అంతా ఉత్తుత్తి స్క్రీనింగే. ఇక్కడ పరిపాలనాధికారులు ఎవరైనా ఉంటే ఈ ఒక్క మాట రాసుకోండి, మిగతావి మర్చిపోయినా ఫరవాలేదు.

ఇప్పుడు కిట్టు. వేసుకోవడం తేలిక. పక్కన ఎవరో ఒకరు ఉంటారు, అద్దం ఉంటుంది, మనిషి ఫ్రెష్‌గా ఉంటాడు. ప్రమాదమంతా విప్పేటప్పుడే. ఆరు గంటలు లోపల ఉడికిపోయి, కళ్ళద్దాలకు ఆవిరి పట్టి, దాహంతో నాలుక పిడచకట్టుకుపోయి బయటకొస్తాం. ఎప్పుడెప్పుడు ఇది పీకి పారేద్దామా అనిపిస్తుంది. గబగబా గౌను జిప్పు లాగుతాం, ఆ చేత్తోనే మొహం మీద చెమట తుడుచుకుంటాం. అంతే. రోగి దగ్గర ఆరు గంటలు పడ్డ కష్టం ఆ ఒక్క క్షణంలో వృథా. అందుకే విప్పే గదిలో ఎదురుగా ఇంకో మనిషి నిలబడి ఒక్కో మెట్టూ బయటకు చదవాలి. చేతులు శుభ్రం చేసుకోండి. గౌను బయటి వైపు ముట్టుకోకుండా లోపలి వైపుకు చుట్టండి. మళ్ళీ చేతులు. కళ్ళద్దాలు వెనక నుంచి తీయండి. మాస్కు అన్నింటికన్నా చివర, ముందు భాగం ముట్టుకోకుండా. సీనియర్ ప్రొఫెసర్ వచ్చినా ఆ చదివే మనిషి మాటే వినాలి. మాకు ఒక ఎఫ్‌ఎన్‌వో ఉండేది, పెద్ద పెద్ద సర్జన్లను "ఆగండి సార్, చేతులు మళ్ళీ" అని గదమాయించేది. ఆమె డ్యూటీ ఉన్న షిఫ్టు అంటే నాకు నిశ్చింత.

ఎన్-95 గురించి ఒక ముక్క. అది మొహానికి అంటుకుంటేనే ఎన్-95. రెండు చేతులూ మాస్కు మీద పెట్టి గట్టిగా ఊపిరి వదలండి. పక్కల నుంచి గాలి తగిలితే అది ఉత్త గుడ్డ. గడ్డం ఉన్న కుర్రాళ్ళు, మీరే, నవ్వుతున్నారు, ఆ గడ్డంతో మాస్కు అంటుకోదు. సినిమా హీరోలా ఉండాలా, ఐసీయూలో డ్యూటీ చేయాలా, ఏదో ఒకటి తేల్చుకోండి. (నవ్వులు)

అంత జాగ్రత్తగా కిట్టు విప్పి, స్నానం చేసి, డ్యూటీ రూమ్‌కు వస్తాం. చిన్న గది. ఒక టేబుల్. ఆరుగురం చుట్టూ చేరి మాస్కులు తీసి టిఫిన్ బాక్సులు విప్పుతాం. నా పులిహోర నువ్వు తిను, నీ కొబ్బరి పచ్చడి ఇటు ఇవ్వు. అప్పటిదాకా చావుకు ఎదురు నిలబడ్డవాళ్ళం కదా, ఆ అరగంటే మనకు ఊరట. సిబ్బంది ఒకరికొకరు అంటించుకున్నది ఇలాంటి చోట్లే. రోగి నుంచి వస్తుందని భయం ఉంటుంది కాబట్టి అక్కడ జాగ్రత్తగా ఉంటాం. మన సిస్టరే కదా, మన తమ్ముడే కదా అన్నచోట ఏమరుపాటు. కలిసి తినొద్దు అని సర్క్యులర్ ఇస్తే ఎవరూ వినలేదు. వరండాలో, ఫ్యాను కింద, దూరం దూరంగా నాలుగు కుర్చీలు వేసి టీ కెటిల్ అక్కడ పెట్టాక, జనం వాళ్ళంతట వాళ్ళే అక్కడికెళ్ళారు.

బయటి నుంచి వచ్చిన ప్రమాదాన్ని త్వరగా చెబుతాను, మీలో చాలామంది అనుభవించిందే. 2020 మార్చి 22న జనం మనకోసం చప్పట్లు కొట్టారు, కంచాలు మోగించారు. ఆ వారంలోనే ఇంటి ఓనర్లు మనల్ని ఇల్లు ఖాళీ చేయమన్నారు. ఏప్రిల్ మొదట్లోనే గాంధీ ఆసుపత్రిలో డాక్టర్ మీద రోగి బంధువులు చేయి చేసుకున్నారు. జూన్‌లో మళ్ళీ జరిగింది, జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగారు. ఏప్రిల్ 22న కేంద్రం పాత అంటువ్యాధుల చట్టాన్ని సవరించి ఆర్డినెన్స్ తెచ్చింది. సిబ్బంది మీద దాడి చేస్తే మూడు నెలల నుంచి ఐదేళ్ళు, గాయం తీవ్రమైతే ఆరు నెలల నుంచి ఏడేళ్ళ జైలు. మంచిదే. కాకపోతే గాంధీలో జూనియర్ డాక్టర్లు అడిగింది శిక్షలొక్కటే కాదు. రాష్ట్రంలో రోగులందరినీ ఒక్క ఆసుపత్రికే తోలొద్దు, భారం పంచండి అన్నారు. లోపల తన మనిషి ఎలా ఉన్నాడో రోజుల తరబడి తెలియని బంధువు గేటు దగ్గర రగిలిపోతుంటాడు. రోజుకోసారి ఫోన్ చేసి రెండు ముక్కలు చెప్పే మనిషిని కూర్చోబెడితే సగం గొడవలు తగ్గుతాయి. అది కూడా సిబ్బంది రక్షణ కిందికే వస్తుంది.

పోయిన వాళ్ళ లెక్క గురించి చెప్పకుండా దిగిపోలేను. 2021 ఫిబ్రవరిలో కేంద్రం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం కోవిడ్‌తో చనిపోయింది 162 మంది డాక్టర్లు, 107 మంది నర్సులు, 44 మంది ఆశా వర్కర్లు. ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వెంటనే, మా దగ్గరున్న పేర్లే 734 మంది డాక్టర్లవి అంది. అంతకు ముందు సెప్టెంబరులో అయితే అసలు కేంద్రం దగ్గర ఆ లెక్కే లేదన్నారు, వైద్యం రాష్ట్రాల సబ్జెక్టు కాబట్టి. ప్రపంచమంతటా 2021 మే దాకా దాదాపు లక్షా పదిహేను వేల మంది ఆరోగ్య సిబ్బంది పోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. అదీ అంచనానే. ఈ లెక్క ఎందుకంటే, ఎవరు పోయారు, ఏ వార్డులో పనిచేశారు, ఏ పని చేస్తుండగా అంటింది అన్నది రాసుకుంటే కదా మిగిలిన వాళ్ళను ఎక్కడ కాపాడాలో తెలిసేది. డాక్టర్ల పేర్లు రాయడానికి వాళ్ళకొక సంఘం ఉంది. స్ట్రెచర్ తోసిన వాళ్ళ పేర్లు, శవాల గదిలో పనిచేసిన వాళ్ళ పేర్లు ఎవరు రాశారు? కేంద్రం ప్రకటించిన 50 లక్షల బీమా అందాలన్నా, కోవిడ్ డ్యూటీలోనే పోయాడని కాగితం కావాల్సి వచ్చింది. డ్యూటీ రిజిస్టర్‌లో పేరు లేని మనిషి ఆ కాగితం ఎక్కడ తెస్తాడు?

ఆ తర్వాత టీకా వచ్చింది. 2021 జనవరి 16. గాంధీ ఆసుపత్రిలోనూ, విజయవాడలోనూ మొదటి టీకా పారిశుద్ధ్య కార్మికురాలికే వేశారు. టీవీల్లో చూసి నాకు సంతోషమేసింది. మర్నాడు మా ఆసుపత్రిలో అదే పనిచేసే వాళ్ళు ఏమన్నారో తెలుసా? "మాస్కులు మాకు ఆఖర్న ఇచ్చారు. సూది ముందు మాకేస్తున్నారంటే, మా మీద పరీక్ష చేస్తున్నారా సార్?" నేను జవాబు చెప్పడానికి తడుముకున్నాను. అది అన్యాయమైన మాటని అనలేను. ఏడాది పాటు ప్రతిదీ ఆఖర్న అందినవాళ్ళకు, ఒక్కసారిగా ముందు పిలిస్తే అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? డాక్టర్లలోనే కోవాగ్జిన్ వద్దు, కోవిషీల్డ్ కావాలన్న వాళ్ళున్నారు. కోవాగ్జిన్ వేసుకునేవాళ్ళ చేత అంగీకార పత్రం మీద సంతకం పెట్టించుకుంటున్నారాయె. ఆ పత్రం ఎందుకో, ట్రయల్స్ ఎంతవరకు వచ్చాయో, మర్నాడు జ్వరమొస్తే ఏం చేయాలో తెల్లబోర్డు ముందు తెలుగులో చెప్పాం. తెలియనివి తెలియవనే చెప్పాం. కొందరు ఆ రోజే వేయించుకున్నారు, కొందరు వారం చూసి వేయించుకున్నారు. వారం చూస్తామన్న వాళ్ళను మేం ఏమీ అనలేదు.

ఇప్పుడు మహమ్మారి లేదు. బోర్డులు తీసి స్టోర్ రూములో పడేశారు, నేను ఈ మధ్య కొన్ని ఆసుపత్రులకు వెళ్ళినప్పుడు చూశాను. మీ దగ్గర కూడా చూశాను వస్తూ వస్తూ, దాని మీద క్రికెట్ టోర్నమెంట్ డ్రా ఉంది. (నవ్వులు) ఉండనివ్వండి, ఒక పక్క క్రికెట్ రాసుకోండి, ఇంకో పక్క డెంగీ కేసులెన్నో, స్వైన్‌ఫ్లూ ఎవరికైనా ఉందో రాయండి. పది నిమిషాల సమావేశం వారానికోసారైనా పెట్టుకోండి. ఇప్పుడు అలవాటు లేనిది అప్పుడు కొత్తగా రాదు. మీ ఆసుపత్రిలో అడుగుపెట్టే ప్రతి మనిషి పేరు, ఫోన్ నంబరు ఒక్క చోట ఉందేమో చూసుకోండి. రెగ్యులర్, కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్, క్యాంటీన్, లాండ్రీ, 108 డ్రైవర్లు, పోస్టుమార్టం గది. నేను పొద్దున ఆఫీసులో అడిగితే మూడు వేర్వేరు రిజిస్టర్లు చూపించారు, లాండ్రీ ఆ మూడింట్లోనూ లేదు.

ప్రశ్నలుంటే అడగండి, తీరిగ్గా మాట్లాడుకుందాం. దాని కన్నా ముందు మీ హెడ్ సిస్టర్ గారు కిట్టు విప్పడం చూపిస్తానన్నారు. మెట్లు చదవడానికి నాకొక మనిషి కావాలి. డాక్టర్లు వద్దు. అదుగో, ఆ చివర కూర్చున్నావు చూడు, నువ్వు రామ్మా. ఈ కాగితం పట్టుకో. ఆవిడ ఎంత సీనియరైనా సరే, మెట్టు తప్పితే ఆపెయ్.